బైజాంటైన్ రాగి నాణేన్ని గుర్తుపట్టడం ఎలా: బొరుసు నుంచి బొమ్మ వైపుకు ఒక సమగ్ర మార్గదర్శి

బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్య చక్రవర్తుల రాగి నాణెం చేతికి వచ్చినప్పుడు ఎవరైనా ముందుగా చూసేది చక్రవర్తి ముఖాన్ని, ఆ తరువాత దాని చుట్టూ ఉన్న అక్షరాలను. గుర్తింపు కష్టమయ్యేది కూడా ఈ వరుస వల్లనే. ఆరో శతాబ్దపు టంకశాలలు చక్రవర్తి పోలికలను చెక్కడానికి పెద్దగా శ్రమపడలేదు. కిరీటం, కవచం, చేతిలో శిలువ నిలిపిన గోళం ఉంటే చాలు, అది చక్రవర్తి బొమ్మే. చుట్టూ ఉండవలసిన పేరు చాలా నాణేల మీద బిళ్ళ అంచు దాటి పోయి ఉంటుంది, లేదా అరిగిపోయి ఉంటుంది. బొరుసు వైపు మాత్రం నాణెం విలువ, కొట్టిన ఊరు, ఆ ఊరి టంకశాలలోని శాఖ, ఏలుబడి సంవత్సరం పెద్ద పెద్ద అక్షరాలలో, ఎప్పుడూ ఒకే చోట్లలో ఉంటాయి. ప్రాచీన నాణేలలో తన పుట్టుపూర్వోత్తరాలను ఇంత నిక్కచ్చిగా చెప్పుకునేవి చాలా తక్కువ. అందువల్ల ఈ మార్గదర్శిలో పని బొరుసుతో మొదలై బొమ్మ వైపుకు సాగుతుంది.

ముందుగా నేపథ్యం కొద్దిగా తెలియాలి. ఐదో శతాబ్దం చివరికి తూర్పు రోమన్ సామ్రాజ్యంలో బంగారు సాలిడస్ నిలకడగా ఉన్నా, రాగి నాణెం మాత్రం చిక్కి చిక్కి గ్రాము బరువైనా లేని నమ్మస్‌గా మిగిలింది. చిటికెనవేలి గోరంత ఉండే ఆ బిళ్ళలతో రొట్టె కొనాలన్నా గుప్పెడు లెక్కపెట్టవలసి వచ్చేది. 491 నుంచి 518 వరకు పాలించిన మొదటి అనస్టాసియస్ 498లో దీనికి విరుగుడుగా 40 నమ్మస్‌ల విలువ గల ఫాలిస్‌ను ప్రవేశపెట్టాడు. ఆ పనిని నడిపించినవాడు ఖజానా అధికారి, పాఫ్లగోనియాకు చెందిన జాన్. 512లో ఫాలిస్ బరువును రెట్టింపు చేశారు. బైజాంటైన్ నాణేల చరిత్రను చాలామంది 498 నుంచి లెక్కించడానికి ఈ రాగి సంస్కరణే కారణం. బంగారంలో ఆనాడు చెప్పుకోదగిన మార్పేమీ జరగలేదు.

మొదటి మెట్టు: తోమకుండా ఉండడం

మన ఇళ్ళలో రాగి చెంబు మాసితే చింతపండు పెట్టి తోమడం అలవాటు. పాత నాణెం విషయంలో ఆ అలవాటు ప్రాణాంతకం. రాగి మీద వందల ఏళ్ళలో ఏర్పడిన ముదురు ఆకుపచ్చ, గోధుమ లేదా నలుపు రంగు పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. పులుపు తగిలితే ఆ పొరతో పాటు అక్షరాలు కూడా పోతాయి, మిగిలేది గుంటలు పడిన ఎర్రటి బిళ్ళ. మట్టి అంటుకొని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని రోజులు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో మెల్లగా తొలగించాలి. అంతకు మించి ఏమీ చేయనవసరం లేదు.

చిలుములో రెండు రకాలను వేరుగా గుర్తించడం నేర్చుకోవాలి. గట్టిగా, నునుపుగా, గోరుకు రాలకుండా ఉన్నది నాణేన్ని కాపాడే పొర. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా, ముట్టుకుంటే వేలికి అంటుకునేది మాత్రం క్లోరైడ్ల వల్ల పుట్టే జబ్బు. తేమ తగిలిన కొద్దీ అది లోహాన్ని తినేస్తూ పోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉండేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. అటువంటి నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచాలి. దీనికి వాడే బెంజోట్రయజోల్ ఆరోగ్యానికి హాని చేసే రసాయనం కనుక ఆ చికిత్సను సంరక్షణ నిపుణులకు వదలడం మంచిది.

రెండవ మెట్టు: తూకం, కొలత

కావలసిన పరికరాలు నాలుగు: గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ కాటా, వెర్నియర్ కాలిపర్, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్క నుంచి వెలుగు పడేలా తిప్పుకోగల దీపం. దీపం బదులు సెల్‌ఫోన్ టార్చి కూడా సరిపోతుంది.

బరువును ముందుగా ఎందుకు చూడాలంటే, ఏ అక్షరమూ చదవకముందే కాలాన్ని చాలావరకు కుదించేది అదే. ఒక్కో నాణెం బరువులో తేడాలు విపరీతంగా ఉంటాయి కాబట్టి కింది అంకెలన్నీ సుమారు లెక్కలే. 498 నాటి మొదటి ఫాలిస్ 8, 9 గ్రాములు తూగుతుంది. 512 తరువాతిది 17, 18 గ్రాములు. మొదటి జస్టీనియన్ 538లో ప్రవేశపెట్టిన పెద్ద ఫాలిస్ 22 నుంచి 25 గ్రాముల బరువు, 40 మిల్లీమీటర్ల వెడల్పుతో అరచేతిలో నిండుగా కూర్చుంటుంది. మొత్తం బైజాంటైన్ రాగి నాణేలలో దీని ముందు నిలిచేది లేదు. కాన్‌స్టాంటినోపుల్‌ను మహమ్మారి చుట్టుముట్టిన 542 ప్రాంతం నుంచి బరువు మెట్టుమెట్టుగా దిగింది. రెండవ జస్టిన్ కాలానికి సుమారు 13 గ్రాములు, 610లో హెరాక్లియస్ గద్దె ఎక్కేనాటికి సుమారు 11, అతని మనుమడు రెండవ కాన్‌స్టాన్స్ కాలంలో 3 నుంచి 5 గ్రాములు. ఒక శతాబ్దంలో అదే ఎమ్ అక్షరం, అదే 40 నమ్మస్‌ల పేరు, లోహం మాత్రం ఐదో వంతు.

కనుక 23 గ్రాముల ఫాలిస్‌ను ఎవరైనా హెరాక్లియస్‌ది అంటే నమ్మనవసరం లేదు. దీనికి తిరుగుమాట మాత్రం సరిపడదు: తేలికైన ప్రతి నాణెమూ తరువాతిది కాదు, ఎందుకంటే అరుగుదల, అంచులు కత్తిరించడం, చిలుము తినడం కూడా బరువును తగ్గిస్తాయి.

మూడవ మెట్టు: విలువ తెలిపే అక్షరం

నాణేన్ని బొరుసు వైపు తిప్పి, మధ్యలో ఉన్న పెద్ద అక్షరాన్ని చూడాలి. ఇవి గ్రీకు సంఖ్యలు. గ్రీకులో అక్షరాలనే అంకెలుగా వాడేవారు కాబట్టి ఎమ్ ఆకారంలో ఉన్న మ్యూ 40, కె ఆకారపు కప్పా 20, నిలువు గీత అయోటా 10, ఈ ఆకారపు ఎప్సిలాన్ 5. అంటే ఫాలిస్, అర ఫాలిస్, పావు ఫాలిస్, అందులో సగం. సేకరణదారులకు దొరికే నాణేలలో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలోకే వస్తాయి.

కొన్ని చోట్ల ఈ పద్ధతి మారుతుంది. రెండవ టైబీరియస్, మారిస్ చక్రవర్తుల కాలాల్లో కొన్ని టంకశాలలు ఎమ్‌ను గుండ్రటి భుజాలతో, చేతిరాత పద్ధతిలో చెక్కాయి. టైబీరియస్ మూడు ఎక్స్‌లతో 30 నమ్మస్‌ల నాణేన్ని కూడా కొట్టించాడు. ఫోకాస్ చక్రవర్తి ఫాలిస్‌లో ఎమ్ స్థానంలో నాలుగు ఎక్స్‌లు వరుసగా కనిపిస్తాయి. ఇది లాటిన్ లెక్కలో 40. అలెగ్జాండ్రియా తన దారి తనదే అన్నట్టు 12 నమ్మస్‌ల నాణేన్ని పట్టుకొని వేలాడింది. అయోటా, బీటాల మధ్య ఒక శిలువ, చిన్నదైనా మందంగా, రాతి ముక్కలా ఉండే బిళ్ళ కనిపిస్తే అది ఈజిప్టుదే. థెస్సలొనీకాలో జస్టీనియన్ కాలంలో 16 నమ్మస్‌ల నాణేలు వచ్చాయి. ఈ వింత విలువలు దొరకడం ఒక విధంగా అదృష్టం, ఎందుకంటే విలువే టంకశాలను చెప్పేస్తుంది.

నాల్గవ మెట్టు: ఊరి పేరు, శాఖ

పెద్ద అక్షరం కింద అడ్డగీత, ఆ గీత కింద మూడు నుంచి ఐదు అక్షరాల కురుచ పేరు ఉంటుంది. సి, ఓ, ఎన్ అంటే కాన్‌స్టాంటినోపుల్. ఎన్, ఐ, కె అని మొదలైతే నికోమీడియా. కె, వై, జెడ్ అంటే సిజికస్. టి, ఈ, ఎస్ అంటే థెస్సలొనీకా. వీటిలో నికోమీడియా, సిజికస్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు దగ్గరలో ఉన్నవి. పశ్చిమాన కార్తేజ్, రోమ్, రవెన్నా, సిసిలీలోని కటానియా తమ పేర్ల మొదటి అక్షరాలను చెక్కాయి.

సిరియాలోని ఆంటియోక్ విషయంలో కొత్తవారు తప్పకుండా తికమకపడతారు, ఎందుకంటే చాలా నాణేల మీద ఆ పేరు కోసం వెతికితే దొరకదు. 526 మే నెలలో ఆ నగరాన్ని పెద్ద భూకంపం నేలమట్టం చేసింది; 528లో మళ్ళీ కంపించింది. ఇక దేవుడే దిక్కు అనుకున్న జనం ఊరి పేరునే దేవుని నగరమనే అర్థంలో థియోపోలిస్‌గా మార్చారు. అప్పటి నుంచి నాణేల మీద టి, హెచ్, ఈ, యు, పి అన్న అక్షరాలో, గ్రీకు థీటాతో మొదలయ్యే రూపమో కనిపిస్తుంది. భూకంపానికి ముందున్న పేరుతో మొదటి జస్టిన్ ఫాలిస్, తరువాతి పేరుతో జస్టీనియన్ ఫాలిస్ పక్కపక్కన పెట్టుకుంటే ఆ విపత్తు రెండు బిళ్ళల మధ్య సందులో కూర్చుని ఉన్నట్టుంటుంది.

ఎమ్ అక్షరం రెండు కాళ్ళ మధ్య ఇరుకులో ఇంకొక చిన్న గ్రీకు అక్షరం ఉంటుంది. ఇది టంకశాలలోని శాఖ సంఖ్య. కాన్‌స్టాంటినోపుల్‌లో ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ వరకు ఐదు శాఖలు, ఆంటియోక్‌లో నాలుగు, నికోమీడియా, సిజికస్‌లలో రెండేసి. ఊరి పేరు సగమే కనిపిస్తున్నప్పుడు ఇది అక్కరకు వస్తుంది: శాఖ గామా అని స్పష్టంగా ఉంటే నికోమీడియాను, సిజికస్‌ను పక్కన పెట్టవచ్చు.

ఐదవ మెట్టు: ఏలుబడి సంవత్సరం

జస్టీనియన్ తన పన్నెండవ ఏలుబడి సంవత్సరంలో రెండు మార్పులు చేశాడు. పక్కకు తిరిగి ఉన్న చక్రవర్తి ముఖం ఎదురుగా చూసే ముఖం అయింది. బొరుసు మీద తేదీ వచ్చింది. ఎమ్‌కు ఎడమ పక్కన ఏ, ఎన్, ఎన్, ఓ అనే నాలుగు అక్షరాలు ఒకదాని కింద ఒకటి, అంటే ఆన్నో, సంవత్సరం. కుడి పక్కన లాటిన్ అంకెలు, ఇవీ నిలువుగానే. కనుక ఆన్నో లేని, పక్కకు చూసే ముఖం గల ఎమ్ నాణెం కాన్‌స్టాంటినోపుల్‌ది అయితే దాదాపుగా 538కి ముందుదే: అనస్టాసియస్, మొదటి జస్టిన్, లేదా జస్టీనియన్ తొలి పదకొండు సంవత్సరాలు.

సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చే లెక్క తేలిక. చక్రవర్తి గద్దె ఎక్కిన సంవత్సరానికి నాణెం మీది సంఖ్యను కలిపి ఒకటి తీసివేయాలి. జస్టీనియన్ 527 ఏప్రిల్ 1న సహచక్రవర్తి అయ్యాడు. 527కు 12 కలిపి ఒకటి తీస్తే 538. అయితే ఆ పన్నెండవ సంవత్సరం 538 ఏప్రిల్ నుంచి 539 మార్చి వరకు నడిచింది కాబట్టి రెండు సంవత్సరాలనూ గీత పెట్టి రాయడం సరైన పద్ధతి. రెండవ జస్టిన్‌కు 565 నవంబరు, మారిస్‌కు 582 ఆగస్టు, ఫోకాస్‌కు 602 నవంబరు, హెరాక్లియస్‌కు 610 అక్టోబరు ఆరంభాలుగా తీసుకోవాలి. టైబీరియస్ మాత్రం తాను సీజర్, అంటే గద్దెకు వారసుడు అయిన 574 నుంచి లెక్కించుకున్నాడు. అందుకే అతని నాణేల మీద చిన్న సంఖ్యలు కనిపించవు.

అంకెలు చదివేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆరు అంకెను ఎక్కువగా గ్రీకు స్టిగ్మాతో రాసేవారు. అది తెలియనివారికి తలకిందుల అక్షరంలాగానో, వంకర కొక్కెంలాగానో తోస్తుంది. దాన్ని వదిలేసి మిగతా గీతలనే లెక్కపెడితే సంవత్సరం ఆరు తగ్గిపోతుంది.

ముఖం, పేరు రెండూ చెరిగిపోయిన నాణేనికి కూడా సంవత్సరం ఒక్కటే చక్రవర్తిని పట్టిస్తుంది. హెరాక్లియస్ ఏలుబడి 31వ సంవత్సరంలో ముగిసింది, మారిస్‌ది 21వ సంవత్సరంలో, రెండవ జస్టిన్‌ది 13లో, ఫోకాస్‌ది 8లో. ఆన్నో పక్కన మూడు ఎక్స్‌లు, వాటి కింద ఆరు గుర్తు స్పష్టంగా ఉంటే, అంటే 36 అయితే, ఆ రాజు 38 ఏళ్ళకు పైగా ఏలిన జస్టీనియన్ తప్ప మరొకరు కాలేడు. మూడు ఎక్స్‌లు, ఒక కొక్కెం: అంతటితో 562 నుంచి 563 మధ్యకు చేరిపోయాం.

ఆరవ మెట్టు: ఇప్పుడు బొమ్మ వైపు

బొరుసు చెప్పినదాన్ని సరిచూసుకోవడానికే బొమ్మ వైపుకు రావాలి. పన్నెండవ సంవత్సరపు జస్టీనియన్ ఫాలిస్‌ను దగ్గరగా చూద్దాం. శిరస్త్రాణం మీద ఈకల కుచ్చు, దాని కింద రెండు చెవుల పక్కగా వేలాడే ముత్యాల సరాలు. కుడి చేతిలో గోళం, గోళం మీద శిలువ. ఎడమ భుజాన్ని కప్పిన డాలు, ఆ డాలు మీద గుర్రపు రౌతు. భూతద్దం కింద ఆ రౌతు ఎత్తిన చెయ్యి కూడా తెలిసేటంత పని ఉంటుంది మంచి నాణేలలో. బొమ్మకు కుడి పక్క ఖాళీలో ఇంకొక చిన్న శిలువ. చుట్టూ లాటిన్ లిపిలో మా ప్రభువు జస్టీనియన్, శాశ్వత అగస్టస్ అని ఉంటుంది. ఇందులో మొదట డి, ఎన్, చివర పి, పి, ఆపైన ఏ, వి, జి అనేవి సంక్షిప్తాలు. ఈ మొదలు చివరలు అందరికీ ఒకటే కనుక మధ్యలో ఉన్న పేరు కోసమే కళ్ళను అలసిపోనివ్వాలి.

రెండవ జస్టిన్ ఫాలిస్‌ను గుర్తించడం పసిపిల్లలకు కూడా సాధ్యం: చక్రవర్తి, రాణి సోఫియా సింహాసనం మీద పక్కపక్కన కూర్చుని ఉంటారు. టైబీరియస్ రాజ్యోత్సవాలలో కన్సల్ అనే పాత రోమన్ ఉన్నత పదవి దుస్తుల్లో, డేగ కూర్చున్న రాజదండంతో కనిపిస్తాడు. ఫోకాస్‌ది గడ్డం ఉన్న ముఖం, అతనిదీ కన్సల్ వేషమే. కూలదోసి గద్దెనెక్కిన సైనికుడు కనుక పాత మర్యాదల దుస్తులను వదులుకోలేదేమో అనిపిస్తుంది. హెరాక్లియస్ మొదట ఒంటరిగా, 613 ప్రాంతం నుంచి కుమారుడు హెరాక్లియస్ కాన్‌స్టాంటైన్‌తో కలిసి నిలబడి, 629 తరువాత సైనిక దుస్తుల్లో బారెడు గడ్డంతో కనిపిస్తాడు.

పేర్లలో రెండు ఉచ్చులున్నాయి. టైబీరియస్ గద్దె ఎక్కుతూ కాన్‌స్టాంటైన్ అనే పేరు కలుపుకున్నాడు, మారిస్ టైబీరియస్ అనే పేరు కలుపుకున్నాడు. అందువల్ల సగం చెరిగిన పేరులో కాన్‌స్టాంట్ అని చదివి టైబీరియస్ నాణేన్ని మరొకరికి కట్టబెట్టడం తరచూ జరుగుతుంది. రెండవది, మనం కాన్‌స్టాన్స్ అని పిలిచే చక్రవర్తి అసలు పేరు కాన్‌స్టాంటైన్. అతని రాగి నాణేల మీద చక్రవర్తి పేరు బదులు ఈ గుర్తుతో గెలువు అనే గ్రీకు వాక్యం, బొరుసు మీద పునరుద్ధరణను ప్రకటించే మాట ఉండే రకం చాలా ఎక్కువగా దొరుకుతుంది. పునరుద్ధరణ అని చాటే ఆ నాణేలే అన్నిటికన్నా మొరటుగా, వంకరటింకర ముక్కలుగా ఉండడం చూస్తే నవ్వు వస్తుంది.

ఏడవ మెట్టు: కింద దాగిన పాత ముద్ర

ఏడో శతాబ్దపు నాణెం పట్టుకున్నవారు ఈ మెట్టును దాటవేయకూడదు. నా దృష్టిలో ఈ నాణేల అసలు రుచి ఇక్కడే ఉంది. హెరాక్లియస్ కాలంలో పర్షియన్లు సిరియాను, జెరూసలేమును, ఈజిప్టును వరుసగా లాక్కున్నారు. ఖజానా ఎండిపోయి, యుద్ధానికి చర్చిల వెండిని కూడా అప్పుగా తీసుకోవలసి వచ్చింది. కొత్త బిళ్ళలు పోత పోసే తీరిక, ఖర్చు లేని టంకశాలలు పాత ఫాలిస్‌ల మీదనే కొత్త అచ్చులు పెట్టి కొట్టాయి. కొన్నిసార్లు పాత పెద్ద నాణేన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక కొత్త ఫాలిస్‌గా చేశాయి. అంచు ఒక పక్క గుండ్రంగా, మిగతా పక్కల నిటారుగా ఉంటే కోత జరిగినట్టే.

సమ్మెట దెబ్బ పాత ముద్రను పూర్తిగా చెరపలేదు. దాన్ని చదవడానికి గదిలో వెలుతురు తగ్గించి, టార్చిని బల్లకు దాదాపు సమాంతరంగా పట్టుకొని, నాణేన్ని మెల్లగా గుండ్రంగా తిప్పాలి. ప్రతి పావు మలుపుకు ఒక ఫోటో తీసుకోవాలి. పై ముద్రకు చెందని గీత ఏదైనా కనిపిస్తే, దాన్ని నిటారుగా నిలబెట్టే దిశకు నాణేన్ని తిప్పి, ఆ దిశలోనే మిగతా పాత ముద్రను వెతకాలి. ఉదాహరణకు తండ్రీకొడుకులు నిలబడిన హెరాక్లియస్ ఫాలిస్ బొరుసు మీద, ఎమ్ కాళ్ళకు అడ్డంగా, వరుసగా రెండు ఎక్స్‌ల పైభాగాలు కనిపించాయనుకుందాం. పక్కకు తిప్పి చూస్తే మిగతా ఎక్స్‌ల తోకలు కూడా దొరుకుతాయి. అంటే ఆ బిళ్ళ ముందు ఫోకాస్ ఫాలిస్. తాను చంపించిన రాజు ముఖం మీద తన ముఖాన్ని అచ్చు వేయడంలో హెరాక్లియస్‌కు ఎంత తృప్తి కలిగిందో గాని, చరిత్రకారులకు కావలసింది మాత్రం వరుస: పైన ఉన్నది కింద ఉన్నదానికన్నా తరువాతిది. దీనికి సాక్ష్యం వేరే అక్కరలేదు.

కొన్ని హెరాక్లియస్ నాణేల మీద మళ్ళీ ఒక చిన్న గుండ్రటి ముద్ర విడిగా పొడిచి ఉంటుంది. అందులో సిసిలీ పేరు తెలిపే అక్షరాలున్నాయేమో చూడాలి. పాత ఫాలిస్‌లను ఆ దీవిలో చెలామణీ చేయడానికి వేసిన గుర్తు అది. అప్పుడు ఒక్క నాణెం మీద మూడు ముద్రలు, రెండు మూడు ఊళ్ళ ప్రయాణం చదవవచ్చు.

ఎమ్ అక్షరం కనిపించకపోతే

829 నుంచి 842 వరకు పాలించిన థియోఫిలస్ కాలంలో మూడు శతాబ్దాల ఎమ్ అక్షరానికి సెలవు దొరికింది. దాని స్థానంలో బొరుసు నిండా నాలుగైదు వరుసల రాత వచ్చింది: ఓ థియోఫిలస్ అగస్టస్, నీవు జయిస్తున్నావు. మొదటి బాసిల్, ఆరవ లియో వంటివారు తమ పేరుతో పాటు దేవునియందు రోమన్ల చక్రవర్తి అని చెక్కించారు. ఈ నాణేలలో పేరు బొరుసు మీదనే పెద్దగా ఉంటుంది కనుక గుర్తింపు సులువు. ఆ కాలంలో 288 ఫాలిస్‌లు ఒక బంగారు నాణేనికి సమానం. పోలికకు, ఆరో శతాబ్దపు చరిత్రకారుడు ప్రొకోపియస్ లెక్క ప్రకారం నాణేలు మార్చే వర్తకులు ఒక సాలిడస్‌కు 210 ఫాలిస్‌లు ఇస్తుంటే జస్టీనియన్ దాన్ని 180కి దించాడు.

ఆపై 970 ప్రాంతంలో మొదటి జాన్ త్సిమిస్కెస్ చక్రవర్తి బొమ్మను, పేరును రెంటినీ తీసివేశాడు. బొమ్మ వైపు చేతిలో సువార్త గ్రంథం పట్టిన క్రీస్తు, తల వెనుక శిలువ గల ప్రభామండలం. బొరుసు వైపు యేసు క్రీస్తు రాజులకు రాజు అనే రాత. రాజు పేరు లేని ఈ ఫాలిస్‌లు 1092 వరకు వచ్చాయి. పండితులు వీటిని ఆంగ్ల అక్షరక్రమంలో వర్గాలుగా విభజించారు. రాజుల పేర్లే లేని నాణేలకు వరుస ఎలా కుదిరిందంటే, ఏడవ మెట్టులో చెప్పిన పద్ధతితోనే: బి వర్గం నాణేలు మొదటిదైన ఏ వర్గం బిళ్ళల మీద కొట్టి కనిపిస్తాయి, సి వర్గానివి వాటి మీద. బి వర్గంలో బొరుసు మీద మెట్ల పైన నిలిపిన శిలువ, సి వర్గంలో నిలబడిన క్రీస్తు, బొరుసు మీద శిలువ నాలుగు మూలల్లో యేసు క్రీస్తు జయించును అనే రాత, జి వర్గంలో చేతులెత్తి ప్రార్థించే మరియమాత గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిదైన ఏ వర్గంలోనే పెద్దవీ చిన్నవీ ఉన్నాయి. అక్కడ సువార్త గ్రంథం అట్ట మీది చుక్కల అమరికను బట్టి ఉపవిభాగాలు చేస్తారు. ఆ పని విసుగు పుట్టిస్తుంది, మొదటి నాణేలతోనే దాని జోలికి వెళ్ళనవసరం లేదు.

1092లో మొదటి అలెక్సియోస్ కొమ్నెనోస్ మొత్తం నాణేల వ్యవస్థను మార్చాడు. చిన్న చదునైన రాగి బిళ్ళ అయితే టెటార్టెరాన్, గిన్నెలా లోతుగా వంగిన పలుచటి బిళ్ళ అయితే ట్రాకీ. ట్రాకీలో మొదట కొద్దిగా వెండి కలిపేవారు, పదమూడో శతాబ్దానికి అది రాగిగానే మిగిలింది. వంపు వల్ల వీటి ముద్ర సగం సగమే పడుతుంది. ఒక్కదానితో కుస్తీ పట్టకుండా ఒకే రకానివి నాలుగైదు ఫోటోలు పక్కన పెట్టుకొని పోల్చడమే మార్గం.

సందేహించవలసినవి

రెండవ కాన్‌స్టాన్స్ రకాన్ని పోలి, అక్షరాలు అర్థం లేకుండా ఉన్న నాణెం నకిలీ అని తొందరపడి తేల్చకూడదు. సిరియా అరబ్బుల పాలనలోకి వచ్చాక అక్కడి జనం అలవాటుపడిన రూపంలోనే నాణేలు కొట్టారు. ఎమెసా, అంటే నేటి హోమ్స్ నాణేల మీద చక్రవర్తి బొమ్మ పక్కన మంచిది అని గ్రీకులో ఒక వైపు, అరబ్బీలో మరొక వైపు ఉంటుంది. మెట్ల మీది శిలువకు అడ్డుకొయ్య తీసేసి కేవలం స్తంభంగా మిగిల్చిన రకం కూడా ఈ కోవలోదే.

నేటి నకిలీలను పట్టుకోవడానికి అంచును చూడాలి. పోత పోసినదానికి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత గాలిబుడగల గుంటలు, సబ్బులా మొద్దుబారిన అక్షరాలు ఉంటాయి. ఒకే పగులు, ఒకే గీత ఉన్న రెండు నాణేలు రెండు చోట్ల అమ్మకానికి కనిపిస్తే రెండూ అనుమానాస్పదమే. అయితే నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న ఖెర్సాన్‌లో తొమ్మిది, పది శతాబ్దాల నాణేలను నిజంగానే పోత పోశారు. పెద్ద పొడి అక్షరం, వెనుక మెట్ల శిలువ ఉన్న ఆ నాణేలకు పైన చెప్పిన పరీక్ష వర్తించదు.

మన పొలంలో దొరికిందని ఎవరైనా బైజాంటైన్ ఫాలిస్ చూపిస్తే కూడా ఆలోచించాలి. దక్షిణ భారతదేశంలో బయటపడిన బైజాంటైన్ నాణేలు ప్రధానంగా బంగారు సాలిడస్‌లు. తమిళనాడు, శ్రీలంకలలో విస్తారంగా దొరికిన చిన్న రాగి నాణేలు అంతకు ముందటి రోమన్ కాలానివి. నిజంగా భూమిలో దొరికినదే అయితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేలను దేశం వెలుపలికి పంపకూడదు. ఇస్తాంబుల్ యాత్రకు వెళ్ళే తెలుగువారు అక్కడి శిథిలాల దగ్గర ఎవరైనా గుప్పెట్లో నాణేలు చూపితే కొనకపోవడం క్షేమం: అసలువైతే తుర్కియే చట్టం ప్రకారం దేశం దాటించడం జైలుశిక్ష పడే నేరం, కాకపోతే డబ్బు దండగ. కొనదలచినవారు ముందుగా ఎవరి సేకరణలో ఉండేదో, ఏ వేలంలో అమ్ముడైందో రాతపూర్వకంగా చూపగల వ్యాపారి దగ్గరే కొనాలి.

నమోదు

ప్రతి నాణేనికి ఒక కార్డు రాసి, నాణేన్ని మెత్తని పీవీసీ సంచిలో కాకుండా మైలార్ అనే పాలిస్టర్ పొర లేదా ఆమ్లం లేని కాగితపు కవరులో ఉంచాలి. పీవీసీ నుంచి కారే జిగురు రాగిని పచ్చగా పాడుచేస్తుంది. కార్డు మీద వరుస కూడా బొరుసు వరుసే. నమూనాకు ఒకటి: ఫాలిస్, 40 నమ్మస్‌లు. నికోమీడియా, బీటా శాఖ. ఆన్నో 13, అంటే 539–540. మొదటి జస్టీనియన్, ఎదురు ముఖం, శిరస్త్రాణం, డాలు. 22.41 గ్రాములు, 41 మిల్లీమీటర్లు, అచ్చుల దిశ 6 గంటలు, అంటే బొమ్మ నిటారుగా ఉన్నప్పుడు బొరుసు తలకిందులు. పేరులో మొదటి నాలుగు అక్షరాలే కనిపిస్తాయి. బొమ్మ వైపు గడ్డం కింద కత్తి గాటు, పాతది. పాత ముద్ర జాడ లేదు. కొన్న చోటు, తేదీ, రశీదు సంఖ్య. ఫోటోలు రెండు వైపులా, అంచుతో సహా.